తూర్పు మడి మొక్కలు

నర్సరీ,
ఏప్రిల్ మొదటి వారం

అత్తకి,

నేను మొక్కల మీద కక్ష కట్టానట. మా ఇంట్లో ఇప్పుడు ఇదే మాట. పట్నంలో ఉద్యోగం చూసుకుంటానంటే ఒప్పుకోకుండా నాన్న నన్ను ఈ నర్సరీలో కూర్చోబెట్టాడు కదా, ఆ కోపమంతా నోరులేని మొక్కల మీద తీర్చుకుంటున్నానని ఆయన నమ్మకం. అమ్మ అంత మాట అనదు. "పాపం, దాని మనసు ఇక్కడ లేదు, నీళ్లు పెట్టడం మర్చిపోతోంది" అంటుంది. నాన్న మాటకంటే అదే ఎక్కువ గుచ్చుకుంటోంది. కక్ష అంటే కనీసం బుర్ర ఉన్నట్టు. మరుపంటే అదీ లేదు.

నేను చేస్తున్నదేమిటో నీకు చెప్పుకోవాలి. ఈ మొక్కలు రేపు నీ కొండకే వస్తాయి. వానలకి ముందు రెండు నెలలు మొక్కకి సుఖం తగ్గించాలి అత్తా. ఎండ తగలకుండా పైన కట్టిన పచ్చ వల తీసెయ్యాలి. రోజూ పెట్టే నీళ్లు మూడు రోజులకోసారి చాలు. యూరియా పూర్తిగా మానెయ్యాలి. పదిహేను రోజులకోసారి సంచిని ఎత్తి పక్కకి జరపాలి, అప్పుడు చిల్లుల్లోంచి నేలలోకి దిగిన వేళ్లు తెగుతాయి. మొక్క ఇక ఎత్తు పెరగడం మానుకుని కాండం గట్టిపరుచుకుంటుంది, ఆకు మందం చేసుకుంటుంది, సంచి లోపల పిల్లవేళ్లు గుబురుగా వేసుకుంటుంది. అలాంటిది నీ రాళ్ల మట్టిలో పడినా కంగారుపడదు. వల కింద రోజూ నీళ్లు తాగి ఎదిగినది చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, మొదటి వడగాలికి పడుకుంటుంది.

ఇదంతా నాన్నకి చెప్పాను. "ముప్ఫై ఏళ్లుగా మొక్కలు పెంచుతున్నా, నా చేతిలో ఒక్కటి చావలేదు" అన్నాడు. నిజమే, ఆయన చేతిలో చావవు, గేటు దాటాక చస్తాయి. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. అప్పటినుంచి నాతో మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే నీళ్ల గొట్టం వైపు చూసి చెబుతున్నాడు.

చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, పడమటి మడిలో మూడు వేలు ఆయనవి, తూర్పు మడిలో మూడు వేలు నావి. అక్కడ ఫోను పలకదు కాబట్టి మీకు పారలు తెస్తున్న లారీ అన్న చేతికి ఈ కాగితం ఇస్తున్నాను. దారిలో చదువుకుంటే చదువుకోనీ.

మిరియం


కొండ మీది రేకుల షెడ్డు,
ఏప్రిల్ చివర

మిరియానికి,

లారీ అన్న చదవలేదట. "అమ్మాయిది దస్తూరి బాగుంది" అన్నాడు.

మీ నాన్న సంగతి నాకు చెబుతావా? చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కుక్కపిల్ల ఉండేది. అన్నయ్య దానికి పాలు పోసి పోసి నడవలేనంత లావు చేశాడు. "ఎంత ఆరోగ్యంగా ఉందో చూడండి" అని వీధి వీధంతా తిప్పి చూపించాడు. చంకలో పెట్టుకుని తిప్పాడులే, అది నడవదు కదా.

ఇక్కడ గుంతలు మొదలయ్యాయి. పైన జానెడు మట్టి, ఆ కింద గుండ్రాళ్లు. మొక్కలు నాటే మా జట్టు పదకొండు మందిలో ఏడుగురికి అరచేతులు బొబ్బలెక్కాయి. రెండేళ్ల కిందట ఈ కొండ జారి కింద వీధిలో పడిన సంగతి నీకు తెలిసిందే. ఆ జారిన నిటారు వాలు ఇప్పటికీ సరిగ్గా ఆ వీధి నెత్తిన ఉంది. మా జట్టులో కుట్టుపని ఆవిడ ఉంది చూడు, పొద్దున గుంతలు తవ్వి సాయంత్రం మిషను తొక్కుతుంది, ఆమె వంటగది గోడ ఆ వాలుకి ఆనుకునే ఉంది. వేళ్లు దిగి ఈ మట్టిని పట్టుకుంటే ఆ వంటగది ఉంటుంది, లేదంటే లేదు.

తనిఖీ ఆయన వచ్చి చెప్పిపోయాడు. చలికాలంలో లెక్క పెడతాడట. నాటినవాటిలో సగం నిలబడి ఉంటే మా జట్టుకి పని ఉంటుంది. లేకపోతే మమ్మల్ని తీసేస్తారు, కొండని అలాగే వదిలేస్తారు.

అందుకని ఒకటి అనుకున్నాను. నీ మూడు వేలూ నిటారు వాలు మీద పెడతాను, అన్నయ్యవి కింద మెత్తటి నేలలో పెడతాను. నీ సంచులకి గుర్తుగా ఒక సున్నం బొట్టు పెట్టు, చాలు. కష్టం చూసిన పిల్లల్నే కష్టమైన చోటికి పంపాలి కదా. నన్ను చూడు.

అత్త


నర్సరీ,
జూన్ రెండో వారం

అత్తకి,

లోడు బయలుదేరుతోంది. సున్నం బొట్లన్నీ నావి.

ఇక్కణ్ణుంచి మొక్కలు కదలాలంటే "నాటడానికి తగినవి" అన్న కాగితం మీద నాలా మొక్కల చదువు చదివినవాళ్లు సంతకం పెట్టాలి. నాన్న నన్ను ఊరు దాటనివ్వనిది ఆ సంతకం కోసమే. తూర్పు మడికి ఇష్టంగా పెట్టాను. పడమటి మడి కాగితం దగ్గర పెన్ను ఆగింది. నాన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు. పెట్టేశాను.

నావాటిలో కూడా చిన్న వింత ఉంది. నేను అనుకున్నంత ముదురు రంగు రాలేదు. ఆకు లేతగానే ఉంది, కాండాన్ని గోటితో నొక్కితే పచ్చి చెమ్మ తగులుతోంది. పొద్దున చూస్తే సంచుల కింద తడిగా ఉండేది, పక్కనే తొట్టి కదా, ఊట అనుకున్నాను. మూడు రోజులకోసారి నీళ్లతోనే ఇంత కళగా ఉన్నాయంటే గింజ మంచిదేమో. ఎరువుల కొట్టాయన వచ్చి చూసి "అమ్మాయి చెయ్యి మంచిది" అన్నాడు. అమ్మ పక్కకి తిరిగి నవ్వుకుంది. ఈమధ్య అమ్మ నాతో ఎందుకో చాలా ప్రేమగా ఉంటోంది.

వాలు మీద నాటిన రోజు ఎవరు ఏం జోకు వేశారో కూడా రాయి.

మిరియం


కొండ మీది షెడ్డు,
ఆగస్టు

మిరియానికి,

ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది.

నాటిన వారం వాన బాగానే పడింది. ఆ తర్వాత ఇరవై ఆరు రోజులు చుక్క లేదు, గాలి మాత్రం రోజూ ఉంది. అన్నయ్యవి పోతాయని నువ్వు ముందే అన్నావు, పోతున్నాయి. కానీ నీవి వాటికంటే ముందు పోయాయి. తొమ్మిదో రోజుకి కొసలు వాలాయి. పదిహేనో రోజుకి ఆకు పట్టుకుంటే చేతిలో పొడి.

చూస్తూ ఊరుకోలేదు. కింద వీధి కుళాయి దగ్గర పట్టి బిందెలు మోశాం. బిందెకి ఎనిమిది మొక్కలు. మొత్తానికి ఎన్ని బిందెలు కావాలో మా జట్టులో పొడుగావిడ వేళ్ల మీద లెక్క వేసింది, వేసి ఆ వాలు మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ ఆపదు. మాకూ నవ్వొచ్చింది. అందరం బిందెలు పక్కన పెట్టుకుని నవ్వాం, ఆ తర్వాత ఇంకో రెండు రోజులు మోశాం, ఆ తర్వాత మానేశాం.

ఒకటి పీకి చూశాను. రెండు నెలలైంది నేలలో పెట్టి, వేరు ఇంకా సంచి ఆకారంలోనే ఉంది. పక్కకి ఒక్క తెల్ల వేరు రాలేదు. సంచిలోంచి బయటికొచ్చిన సంగతి దానికి ఎవరూ చెప్పనట్టు.

నువ్వు రాసినవన్నీ చేశావు కదా? ఊరికే అడుగుతున్నాను.

అత్త


నర్సరీ,
ఆగస్టు

అత్తకి,

అన్నీ చేశాను. ఏ రోజు నీళ్లు పెట్టానో, ఏ రోజు సంచులు జరిపానో క్యాలెండరు మీద రాసి ఉంది. నువ్వు ఊరికే అడగలేదు, నాకు తెలుసు.

నేనూ కొన్ని అడగాలి. సంచిని పూర్తిగా తీశారా, అడుగున కోసి అలాగే దించేశారా? గుంతలో వేరు మడతపడిందా? పక్క మట్టి తొక్కి గట్టి చేశారా? ఆరు వేలూ ఐదు రోజుల్లో నాటేశారని లారీ అన్న చెప్పాడు. పదకొండు మంది అంత వేగంగా నాటారంటే అది నాటినట్టా, పారేసినట్టా?

నీ జట్టుని తప్పుపట్టడం లేదు. తప్పు ఎక్కడో ఉంది, ఇక్కడ మాత్రం లేదు.

మిరియం


కొండ మీది షెడ్డు,
డిసెంబరు

మా అన్నయ్యగారి అమ్మాయికి,

సంచులు పూర్తిగా తీశాం. తీసినవి ఆరు వేలూ కట్టలు కట్టి షెడ్డులో పెట్టించాను. తీరిక దొరికినప్పుడు వచ్చి లెక్కపెట్టుకో.

తనిఖీ ఆయన వచ్చాడు. రెండు వందల పదకొండు బతికున్నాయి. అన్నీ కింద మెత్తటి నేలలోవే. నిటారు వాలు మీద ఒక్కటీ లేదు.

ఆఖరి వానకి వాలు కాస్త కదిలింది. కుట్టుపని ఆవిడ వంటగదిలోకి మోకాలెత్తు బురద వచ్చింది. మనుషులకి ఏమీ కాలేదు. మిషను బురదలో ఉండిపోయింది. రెండు రోజులు కడిగింది, సూది కదలడం లేదు. ఆమె నిన్నేమీ అనలేదు. నువ్వెవరో ఆమెకి తెలియదు, మంచి మొక్కలు పంపుతున్న మా మేనకోడలు అని నేను చెప్పుకోవడమే.

నీ మొక్కలు నాలుగు, వేళ్లతో సహా గోనెలో కట్టి పంపుతున్నాను. సున్నం బొట్టు సంచులు కూడా అందులోనే ఉన్నాయి.


నర్సరీ,
డిసెంబరు

అత్తకి,

గోనె విప్పి నాలుగింటినీ తొట్టి గట్టు మీద పరిచాను. ఎంత ఎత్తున్నాయో. కొమ్మ కోసి చూస్తే లోపల ఎండిన బెండు ఎక్కువ, కర్ర తక్కువ. ఇవి దాహం తెలిసిన మొక్కలు కావు.

తొట్టి వెనక సందులో, మూడు వేలకి పైన వేసినవి, నావే ఇరవై సంచులు ఉండిపోయాయి. జూన్‌లో లోడుకి ఎత్తడం మర్చిపోయారు, వాన నీళ్లతోనే బతికాయి. అక్కడికి దూరాలంటే గోడ పట్టుకుని పక్కగా నడవాలి. వెళ్లి చూశాను. జానెడు కూడా లేవు. కాండం పుల్లలా గట్టిగా ఉంది, ఆకు చిన్నది, ముదురుది. సంచి కోస్తే పిల్లవేళ్లు కొబ్బరి పీచులా ఉన్నాయి. ఒకే గింజ, ఒకే మట్టి, ఒకే మనిషి. ఆ సందులోకి దూరలేనివాళ్లు ఎవరో మిగతా మడికంతా నీళ్లు పెట్టారు.

ఇంట్లోకి వెళ్లాను. అమ్మ దుప్పట్లు మడతపెడుతోంది.

"అమ్మా, ఎండాకాలం నా మడికి నువ్వు నీళ్లు పెట్టావా?"

"పెట్టాను" అంది. చెయ్యి ఆగలేదు. "రోజూ నువ్వు లేవకముందే. నువ్వు మర్చిపోయావని మీ నాన్న తిడుతుంటే వినలేకపోయా. నాలుగు బిందెల నీళ్లకి పిల్ల మాటపడటం ఎందుకని."

"మర్చిపోలేదమ్మా. కావాలనే మానేశాను. చెప్పాను కదా."

"చెప్పావు. కోపంలో అంటున్నావనుకున్నా."

"ఎన్ని రోజులు పెట్టావు?"

"ఒక్క రోజు కూడా మానలేదు" అంది, గర్వంగా. "వారానికోసారి కాస్త ఎరువు కూడా కలిపా. ఆ సందులోవి మాత్రం నా మోకాళ్లతో కుదరలేదు."

అప్పుడు అర్థమైంది, నావి నాన్నవాటికంటే ముందు ఎందుకు చచ్చాయో. నేను సంచులు జరిపి వేళ్లు తెంపాను. అమ్మ పైనుంచి నీళ్లు పోసి ఆకు పెంచింది. పైన బోలెడు ఆకు, కింద తెగిన వేరు. చుట్టూ అంత తడి ఉండగా అది కొత్త వేళ్లు ఎందుకు వేస్తుంది? మేమిద్దరం కలిసి చేసినంత పాడు ఎవరూ విడిగా చెయ్యలేరు.

కొండ మీద ఏమైందో అమ్మకి చెప్పాను. మడతపెట్టిన దుప్పటి విప్పి మళ్లీ మడతపెట్టింది. "అయితే ఆవిడ వంటగది నా వల్లే..." అని ఆగింది. కాదన్నాను. మరి ఎవరి వల్ల అంటే చెప్పలేను. నాన్నకి చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుంది. సరేనన్నాను.

మీ జట్టుని అన్న మాటలు తప్పు. వాళ్లందరికీ చెప్పు. సందులో ఇరవై నీకు పంపుతున్నాను. కాలం కాదు, అయినా నాటి చూడు.

మిరియం


కొండ మీది షెడ్డు,
మార్చి

మిరియానికి,

నీ ఉత్తరం మా వాళ్లకి చదివి వినిపించాను. "అయితే మనం సరిగ్గానే నాటామన్నమాట" అంది పొడుగావిడ, అదొక్కటే ఆమెకి కావాల్సింది. కుట్టుపని ఆవిడ మాత్రం "మీ వదిన మోకాళ్లకి ఏమైనా రాసుకుంటోందా?" అని అడిగింది.

వదిన మీద నాకు కోపం రావడం లేదు, అదే నా బాధ. ఎవరో ఒకరిని తిట్టుకుంటూ తవ్వితే గుంత తొందరగా పడుతుంది.

నీ ఇరవై నిటారు వాలు మీదే పెట్టాను. నాటిన రోజు ఒక్క బిందె, అంతే. పద్దెనిమిది నిలబడ్డాయి. పనికి ఎక్కేటప్పుడు ఒక్కొక్కరం ఒక్కోదాన్ని ముట్టుకుని వెళ్తున్నాం.

తనిఖీ ఆయన ఇంకో ఏడాది గడువు ఇచ్చాడు, ఎలాగోలా బతిమాలాను. వానలకి ఐదు వేలు నేలలో ఉండాలి, ఆ పద్దెనిమిది లాంటివి. ఈసారి వదినని కుర్చీకి కట్టేసెయ్.

అత్త


నర్సరీ,
మే మూడో వారం

అత్తకి,

ఈసారి అమ్మని కట్టెయ్యక్కర్లేదు. అమ్మ మడి వైపే రావడం లేదు.

చలికాలం లెక్క చూశాక నాన్న తేల్చేశాడు. ఎండగట్టిన మొక్కలు ఒక్కటీ మిగల్లేదు, నీళ్లు పెట్టినవి రెండు వందల పదకొండు మిగిలాయి, ఇంకేం కావాలి అన్నాడు. ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో చూపించాలంటే అమ్మ పేరు ఎత్తాలి. ఎత్తలేదు. రెండు మడులూ తీసేసుకున్నాడు. తూర్పు మడికి కంచె కట్టి తాళం వేశాడు. వల ఒకటి చాలదని రెండు వరసలు కట్టించాడు. యూరియా వారం వారం.

మార్చిలో నీ ఉత్తరం వచ్చాక ఇక ఉండలేక అమ్మకిచ్చిన మాట తప్పాను. నాన్న అన్నం తింటుంటే మొత్తం చెప్పాను. విని, "నీ తప్పు మీ అమ్మ మీదికి నెట్టేంత దూరం వచ్చావా?" అన్నాడు. అమ్మ అక్కడే మంచినీళ్ల చెంబు పట్టుకుని నిలబడి ఉంది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ గ్లాసు వైపు చూసింది. నీళ్లు పోసి లోపలికి వెళ్లిపోయింది. పద్దెనిమిది బతికాయని చెప్పాను. "పద్దెనిమిది" అని నవ్వాడు.

ఇప్పుడు మొక్కలు నడుమెత్తు ఉన్నాయి. పిడికెడంత సంచిలో నడుమెత్తు మొక్క. వల బయట నిలబడి చూస్తున్నాను. ఒకటి కంచె సందులోంచి లాగి కోశాను. వేరు అడుగున మూడు చుట్లు తిరిగి తాడులా బిగుసుకుంది. ఇవాళ నీళ్లు మానేసినా ఆ చుట్లు విడవవు. చెయ్యాల్సిన కాలం ఏప్రిల్‌లోనే దాటిపోయింది. నాన్న రోజూ కంచె తాళం తీసి వాటి మధ్య నడుస్తున్నాడు, చేత్తో కొసలు నిమురుకుంటూ. ఆయనకి నిజంగానే అవి చాలా ఇష్టం.

సంతకం మాత్రం నాదే కావాలి.

మిరియం


కొండ మీది షెడ్డు,
జూన్ మొదటి వారం

మిరియానికి,

సంతకం పెట్టు.

నువ్వు రాసిందంతా అర్థమైంది. చచ్చే మొక్కలని నాకూ తెలుసు. అయినా పెట్టు. గుంతల్లో ఏదో ఒకటి పచ్చగా కనబడితే చలికాలం దాకా మమ్మల్ని ఎవరూ కదపరు. ఖాళీ గుంతలు చూస్తే ఆ రోజే పొమ్మంటారు. ఈ కొండ తప్ప మాకు వేరే పని లేదు. పొడుగావిడకి యాభై దాటాయి, ఇంకెవరు పెట్టుకుంటారు? ఆరు నెలలు దొరికితే ఈలోపు ఇంకేదైనా చూసుకుంటాం. వేరే నర్సరీ వాళ్లని అడిగాను, ఈ ఏడాదికి మొక్కల్లేవన్నారు.

మోసమని తెలుసు. నా పేరు మీద చేస్తున్నాను, నీ పేరు మీద కాదు. అక్కడ వల పక్కన నిలబడి న్యాయం చూసుకోవడం తేలిక. నేను నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు.

అత్త


నర్సరీ,
జూన్ రెండో వారం

అత్తకి,

పొద్దున లారీ వచ్చింది. ఐదు వేలూ ఎక్కించారు. నాన్న కాగితం పెన్ను తెచ్చి బానెట్ మీద పెట్టాడు, నేను చదువుతూ నిలబడ్డాను. "చదవడానికి ఏముంది, పోయిన ఏడు పెట్టిందేగా" అన్నాడు. అమ్మ గుమ్మంలో ఉంది. "పెట్టెయ్యవే, మీ అత్త అడిగిందటగా" అంది. నీ ఉత్తరం అమ్మ చదివింది.

పచ్చ మొక్కలు వాలు మీద ఉంటే తనిఖీ ఆయన నమ్ముతాడు, కింద వీధి నమ్ముతుంది. కుట్టుపని ఆవిడ మిషను బాగుచేయించుకుని మళ్లీ ఆ గోడ పక్కనే పెట్టుకుంటుంది. ఖాళీ గుంతలైతే ఖాళీ అని అందరికీ కనబడుతుంది, ఆవిడకి కూడా. కనబడితే ఏమవుతుందో నాకు తెలియదు. మిమ్మల్ని తీసేస్తే దానికి కారణం నేను. పొడుగావిడకి ఏం చెప్పాలో నాకు తెలియదు. నువ్వు మళ్లీ ఉత్తరం రాస్తావో లేదో తెలియదు.

నాన్న ఇంకో సంతకం వెతుక్కోవడానికి పట్నం వెళ్లాడు. దొరికేసరికి నెలైనా పడుతుంది, అప్పటికి మొదటి వానలు దాటిపోతాయి. మొక్కల్ని దించేశారు, కొన్నిటికి కొసలు విరిగాయి. లారీ అన్న నాతో మాట్లాడకుండా ఈ కాగితం తీసుకున్నాడు.

లారీ ఖాళీగా వస్తోంది. నేను సంతకం పెట్టలేదు. పెట్టను.

మిరియం